మాటకు తోడెవరు?

(యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక అక్క సంగతితో మొదలుపెడతాం. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నారని మీకు తెలుసు. మీలో కొందరి అమ్మలు ఆ పనిలోనే ఉన్నారు. ఆ అక్కకు మూడు నెలల జీతం అందలేదు. ఆమె చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి, అర్జీ కోసం యంత్రం చేత ఇంగ్లీషులోకి మార్పించాం. "మేస్త్రి నా జీతం తినేశాడు" అని ఆమె అన్నది. ఇళ్లు కట్టే తాపీమేస్త్రి జీతాన్ని భోంచేశాడని యంత్రం రాసింది. చదివి ముందు నవ్వుకున్నాం. తరువాత భయం వేసింది. ఆ కాగితం అలాగే ఆఫీసుకు వెళ్లి ఉంటే ఆమె గోడు ఎవరికి అర్థమయ్యేది?

యంత్రం ఎందుకు తప్పింది? ఇది తెలియాలంటే కంప్యూటర్‌కు అర్థం ఎలా అందుతుందో కొంచెం చూడాలి.

కంప్యూటర్‌కు తెలిసినవి అంకెలే. కాబట్టి మాటను కూడా అంకెలుగా మార్చి ఇవ్వాలి. ఎలా మార్చాలి? ఒక మాట ఏ మాటలతో సావాసం చేస్తుందో చూస్తే దాని అర్థం తెలుస్తుందని బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ 1957లో చెప్పాడు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మన పెద్దలు మనుషుల గురించి ఎప్పుడో అన్నారు. 2013లో గూగుల్‌లో తోమాష్ మికోలోవ్, ఆయన తోటివారు ఈ ఆలోచనతోనే వర్డ్‌టువెక్ అనే పద్ధతిని తెచ్చారు. యంత్రం చేత రాశులకొద్దీ వార్తలు చదివించారు. ఏ మాట పక్కన ఏ మాటలు వస్తున్నాయో చూసి, అది ఒక్కో మాటకు 300 సంఖ్యల వరుసను తయారుచేసింది. పటంలో ఒక ఊరి చోటు చెప్పాలంటే రెండు సంఖ్యలు చాలు. మాట చోటు చెప్పడానికి 300 పెట్టారు, అంతే తేడా. ఈ పటంలో బియ్యం, జొన్నలు పక్కపక్కన ఉంటాయి. బియ్యం, బస్సు దూరంగా ఉంటాయి.

ఇప్పుడు మన మేస్త్రి దగ్గరికి రండి. పుస్తకాల్లో, పత్రికల్లో, వెబ్‌సైట్లలో ఉన్న తెలుగులో మేస్త్రి ఎక్కువగా ఇటుకలతో, సిమెంటుతో తిరుగుతాడు. మన అక్క తెలుగులో అతను చీపురుతో, హాజరుతో, జీతం కోతతో తిరుగుతాడు. ఆ తెలుగును ఎవరూ అచ్చు వేయలేదు. యంత్రం దాన్ని చదవనే లేదు.

ఇంకొక మాట చూడండి. పాపం. "పాపం చేశాడు" అంటాం. "అయ్యో, పాపం" అని కూడా అంటాం. ఒకటి తీర్పు, ఒకటి జాలి. వర్డ్‌టువెక్‌లో ఒక మాటకు ఒకటే చోటు కాబట్టి తీర్పూ జాలీ కలిసిపోతాయి. 2018లో వచ్చిన బర్ట్ వంటి నమూనాలు వాక్యంలోని చుట్టుపక్కల మాటలను చూసి, వాడిన ప్రతిసారీ ఆ మాటకు వేరే సంఖ్యలు ఇస్తాయి. ఇది పెద్ద మెరుగుదలే. అయితే ఆ చుట్టుపక్కల చూపు కూడా అది చదివిన రాతల నుండే వస్తుంది.

మనకు అసలు బాధ ఇక్కడే ఉంది. తొల్గా బొలుక్‌బాసీ, ఆయన సహచరులు 2016లో ఆ వార్తల పటాన్నే పరీక్షించారు. పురుషుడు కంప్యూటర్ ప్రోగ్రామర్ అయితే స్త్రీ ఏమిటి అని అడిగితే, గృహిణి అని జవాబు వచ్చింది. యంత్రానికి ఆడవాళ్ల మీద పగ లేదు. మనుషులు రాసింది చదివి, అదే అప్పజెప్పింది. మరి మన కులాల పేర్లు తెలుగులో ఎన్ని తరాలుగా తిట్లుగా వాడబడ్డాయి? ఏ మాటల పక్కన వాటిని కూర్చోబెట్టారు? రేపు ఉద్యోగ దరఖాస్తును, అప్పు దరఖాస్తును ఇలాంటి యంత్రం చదివితే, మన పేరు పక్కన దానికి ఏ మాటలు గుర్తుకొస్తాయి?

యేసు ప్రభువు కాలంలో సుంకరి అనే మాటకు పాపి అనే మాటే తోడు. ఆ రెండింటినీ జనం కలిపే పలికేవారు. ప్రభువు యెరికోలో జక్కయ్యను పేరు పెట్టి పిలిచాడు, అతని ఇంటికి వెళ్లాడు, అతడు కూడా అబ్రాహాము కుమారుడేనని అందరి ముందూ చెప్పాడు. జక్కయ్య కూడా అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ రోజు ఆ మాటకు కొత్త తోడు దొరికింది. మాట సావాసాన్ని మార్చడం సువార్త పని అని మేము నమ్ముతున్నాం.

కాబట్టి యౌవనులారా, మూడు పనులు అడుగుతున్నాం. మొదటిది, మీ అవ్వల, తాతల తెలుగును వారి అనుమతితో రికార్డు చేసి, రాసిపెట్టండి. కోలారు గనుల తెలుగు, తమిళనాడులో అరుంధతీయుల ఇళ్లలోని తెలుగు, యానాం తెలుగు, ఏదైనా సరే. పెంతెకొస్తు దినాన ప్రతివాడూ తన సొంత భాషలోనే విన్నాడు కదా. రెండోది, ఏ కులం పేరునూ తిట్టుగా రాయకండి, సరదాకైనా పంపకండి. మన పేర్లను చదువుతో, పోరాటంతో, పాటతో కలిపి మీరే రాయండి. మూడోది, యంత్రం మార్చిన కాగితాన్ని, ఆ మాట చెప్పిన మనిషికి చదివి వినిపించకుండా ఎక్కడా ఇవ్వకండి.

ఆ అక్క దగ్గరికి మేము మళ్లీ వెళ్లాం. "అక్కా, మేస్త్రి అంటే ఏం చేస్తాడు?" అని అడిగాం. ఆమె అరగంట చెప్పింది. అర్జీ తిరగరాశాం. అది ఇంకా నడుస్తోంది, ప్రార్థించండి. కాని ఈసారి ఆ కాగితంలో ఉన్నది ఆమె మాటే.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.