మసి పట్టిన గొట్టం

బోధన్ చెరకు తోటల్లో అడవిపందికి తిండీ దొరుకుతుంది, దాపూ దొరుకుతుంది. దాని మీదికి కొందరు మూతి నుంచి మందు కూరే బర్మార్ తుపాకీ ఎత్తుతారు.

సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన ఆ మందు కాలితే సగానికి పైగా గట్టి పదార్థంగానే మిగులుతుంది, అందులో కొంత గొట్టంలో మసిగా పేరుకుంటుంది. ఆ మసి తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. గొట్టం ఇరుకై, తర్వాత దట్టే గుండు మందుదాకా దిగక మధ్యలోనే ఆగితే గొట్టమే పగలొచ్చు. అన్నిటికన్నా భయపడాల్సింది ఇదే. శుభ్రమైన గొట్టంలోంచి వెళ్లిన గుండూ, మసి గొట్టంలోంచి వెళ్లినదీ ఒకేచోట తగలవు. అందుకే ఇలాంటి తుపాకుల పోటీల్లో గురికాళ్లు మధ్యమధ్య గుడ్డతో తుడుస్తారు, చివర్లో వేడినీళ్లతో కడిగి నూనె పూస్తారు. గురి తప్పితే, గాయపడ్డ పంది మనిషి మీదికే రావచ్చు.

అనుమతి లేని వేట 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. లైసెన్సు లేని తుపాకీ మరో నేరం. చేలో పందులు పడితే అటవీ శాఖకు చెప్పండి, తుపాకీ జోలికి పోకండి.