మౌస్, మూషా, ఎలుక
(చికిటి ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పండుగపూట ఎలుకను గురించి ఉపన్యాసమేమిటని మీరు నవ్వవచ్చును. మొన్న మా ఇంట బియ్యపు బస్తాకు చిల్లి పడినది. "ఎలుక కొరికినదిరా" అన్నాము. "ఎలుక అంటే ఏమిటి తాతా?" అని మనుమడు అడిగినాడు. బడిలో వాడు నేర్చినది ఒడియా 'మూషా'. వాని చేతికింద ఆడునది కంప్యూటరు 'మౌస్'. మేమూ నవ్వినాము గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలువలేదు.

ఆ మౌస్ సామాన్యమైన మాట కాదు. ఇంగ్లీషు మౌస్, లాటిన్ మూస్, సంస్కృత మూషికము, ఒడియా మూషా అన్నియు ఒక్క కుటుంబములోనివే. చర్మము కింద కండ కదలుట చిట్టెలుక పరుగువలె తోచి, లాటిన్ వారు కండకు 'చిన్న ఎలుక' అని పేరు పెట్టినారు. ఇంగ్లీషు 'మజిల్' అందుండి వచ్చినదే. నిరుపేదను ఇంగ్లీషువారు చర్చిలోని ఎలుకతో పోల్చుదురు. చర్చిలో గాదెలు ఉండవు గదా! అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న ఒక చేతి పరికరమును సభలో చూపినారు. తోకవంటి తీగ ఉండుటచేత దానికి మౌస్ అను పేరు వచ్చినది. నేడు చాలవాటికి తోక పోయినది, పేరు మిగిలినది.

మన ఎలుక వేరు కుటుంబము: తమిళుల ఎలి, కన్నడిగుల ఇలి దాని చుట్టములు. చుంచు, చిట్టెలుక, పందికొక్కు అని దేనికి దానికే పేరున్నది. కొండను తవ్వి ఎలుకను పట్టుట, ఎలుకమీద కోపముతో ఇల్లు తగులబెట్టుకొనుట, ఎలుకకు పిల్లి సాక్ష్యము — ఈ ఒక్క మాట పోయిన ఇన్ని సామెతలు మూగబోవును.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడువరకు మన చికిటి మద్రాసు రాజధానిలోనిది. నాటినుండి ఒడియా మనకు అన్నము పెట్టు భాష. దానిపై మాకు కినుక లేదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చి, దానికి వ్యాకరణము, నిఘంటువు కూర్చినారు. అందువలన ఆయన తెలుగు తరిగినదా? పొరుగు భాష నేర్చుటచేత మన భాష పోదు. ఇంట పలుకకపోవుటచేత పోవును.

కావున ఈ ఉగాదినాడు మేము కోరునది చిన్నది. పిల్లలను మౌస్ పట్టనీయండి, మూషా అననీయండి. రాత్రి అన్నము పెట్టునప్పుడు మాత్రము ఒక ఎలుక కథ తెలుగులో చెప్పండి. మా మనుమనికి మేము ఆ రాత్రియే మొదలుపెట్టినాము.