జొన్న కొయ్య గుచ్చుకున్న రోజు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సివిల్ ఇంజనీరుని. సిమెంటు గురించి మాట్లాడతాననుకుని ఉంటారు. ఇవాళ ధనుర్వాతం గురించి మాట్లాడతాను. కారణం మూడో వరసలో కూర్చున్న మన బ్యాచ్ మిత్రుడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను.

ఆమధ్య చేలో కోసిన జొన్న కొయ్య అతని పాదంలో దిగింది. ఇనుము కాదుగదా అని పసుపు అద్ది ఊరుకున్నాడు. ఎనిమిదో రోజున నోరు తెరుచుకోలేదు. పంటి డాక్టరు దగ్గరకు వెళ్లాడు! ఆయనే గుర్తుపట్టి గుంటూరు పంపించారు. అక్కడ చీకటి గదిలో ఐదు వారాలు. తలుపు చప్పుడైతే చాలు, ఒళ్లంతా విల్లులా బిగుసుకుపోయేది. ఆ జబ్బు పేరులో ధనుస్సు ఎందుకుందో నాకప్పుడు తెలిసింది.

ఇంటికి పంపే రోజు ఓ కుర్ర హౌస్ సర్జన్ "ఒకసారి వచ్చి తగ్గింది కదండీ, ఇక రాదు" అన్నాడు. మేమూ సంతోషించాం. ఎంబీబీఎస్ చదువుతున్న మా తమ్ముడి కూతురితో ఈ మాటంటే "తప్పు పెదనాన్నా" అంది. ఆ విషం ఎంత స్వల్పమంటే, ప్రాణం తీయడానికి సరిపోతుంది గానీ ఒంటికి రక్షణ నేర్పడానికి చాలదట. జబ్బుపడి లేచినవాడికీ టీకా వేయాల్సిందే.

నా ఇంజనీరు బుద్ధి ఊరుకోలేదు. "మరి నువ్వు ఆఖరిసారి ఎప్పుడు వేయించుకున్నావే?" అన్నాను. తెల్లమొహం వేసింది. తన హాస్టలు స్నేహితురాళ్లను కూడా ఫోన్లో అడిగాను. ఆ సూక్ష్మజీవి డోలు పుల్లలా ఉంటుందని అందరూ ఠక్కున చెప్పారు. దెబ్బ తగిలినవాణ్ణి ముందు ఏమడగాలి అంటే మాత్రం, "తుప్పు ఇనుమా?" అని ఒకరు, "ఇంజక్షన్ చేసి ఆరు నెలలైందా?" అని మరొకరు. అడగవలసింది ఎన్ని డోసులు పడ్డాయి, ఆఖరిది ఎప్పుడు అని. మూడు డోసులు పూర్తయినవారికి శుభ్రమైన చిన్న గాయమైతే పదేళ్లు దాటితేనే మరొకటి కావాలి. మట్టి, పేడ అంటిన గాయమైతే ఐదేళ్లు దాటితే. ఆ డోసులు పూర్తికానివారికి, గుర్తులేనివారికి అలాంటి గాయమైతే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి.

పిల్లల్ని తప్పుపట్టను. వాళ్లు ఆ జబ్బును కళ్లతో చూడలేదు. మా నాయనమ్మ చూసింది. కొడవలితో బొడ్డు కోసి పిడకల బూడిద అద్దిన రోజుల్లో ఇద్దరు బిడ్డల్ని పురిట్లోనే పోగొట్టుకుంది. బాలింతలకు, పసికందులకు ధనుర్వాతం బెడద తొలగిన మొదటి రాష్ట్రంగా 2003లో ఆంధ్రప్రదేశ్‌కు గుర్తింపు వచ్చింది. దేశానికి 2015లో వచ్చింది. గర్భిణులకు ఇంజక్షన్లు వేస్తూ ఊరూరా తిరిగిన నర్సమ్మలదే ఆ ఘనత.

ఇప్పుడు మన సంగతి. దేశంలో పిల్లల టీకాల కార్యక్రమం 1978లో మొదలై, 1985లో సార్వత్రికమైంది. అప్పటికి మనం నిక్కర్లలో ఇదే గ్రౌండులో మోకాళ్లు చెక్కుకుంటున్నాం. మన ఆడపడుచులకు కాన్పుల పుణ్యమా అని పడ్డాయి. మన పిల్లలకు పడ్డాయి. మధ్యలో మిగిలింది మనం, మగవాళ్లం. చేతిమీద మచ్చ ఉందిగా అంటారేమో, అది మశూచి టీకాదో, బి.సి.జి.దో. దీనికి పనికిరాదు. దెబ్బ తగిలినప్పుడల్లా వేయించుకున్న ఒక్కో ఇంజక్షను లెక్క ఎవరి దగ్గరా లేదు. సైటులో స్లాబు పోస్తే తేదీ రాస్తాను. నా ఒంటి లెక్క మాత్రం నేనూ రాసుకోలేదు.

కొత్తగా మొదలుపెట్టేవారికి మూడు డోసులు: ఇవాళ ఒకటి, నెలకు ఇంకొకటి, ఆ తరవాత ఆరు నెలలనుంచి ఏడాదిలోపు మూడోది. ఆపైన పదేళ్లకొకటి. ఇప్పుడు టి.టి. బదులు, కంఠసర్పికీ కలిపి పనిచేసే టి.డి. వేస్తున్నారు.

మూడో వరస మిత్రుడికి, నాకూ రెండేసి డోసులయ్యాయి. మూడోది సంక్రాంతి వెళ్లాక. "ఒరేయ్, ఈసారి నువ్వే గుర్తుచెయ్యాలి" అన్నాడు వాడు. తేదీ డైరీలో రాసుకున్నాను. సెలవు.