నక్షత్రం గుర్తున్న ఖాతా
(సాకేత్‌లో మన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)

ఎంబీయే చదివినవాడు కంప్యూటర్ ఫైళ్ల గురించి ఏం చెబుతాడని మీరు అనుకోవచ్చు. కానీ పాత ఫైలు చదవడమంటే టాలీ చేయడమే. అది మనింటి విద్యే కదా!

1984లో రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చాక బ్యాంకు శాఖల్లోకి లెడ్జర్ పోస్టింగ్ మెషీన్లు వచ్చాయి. తరవాతి కాలంలో డీబేస్, ఫాక్స్‌ప్రోలలో రాసిన ప్రోగ్రాములు చాలా ఆఫీసుల్లో నడిచాయి. కోర్ బ్యాంకింగ్ వచ్చింది, ఫాక్స్‌ప్రోకి మైక్రోసాఫ్ట్ 2015లో సపోర్టు ఆపేసింది. బీరువాల్లోని ఫైళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.

వాటితో ఇప్పుడేం పని? పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్ రిజర్వ్ బ్యాంకు నిధికి వెళుతుంది. ఇది 2014 నాటి పథకం. అయినా వారసులు వచ్చి అడిగితే మనం చెల్లించాల్సిందే, చెల్లించి ఆ నిధి నుంచి రాబట్టుకోవాలి. అప్పుడు పాత రికార్డు కావాలి.

డీబేస్ ఫైలును ఒక రిజిస్టరు అనుకోండి. మొదటి 32 బైట్లు అట్ట. ఎన్ని రికార్డులున్నాయి, ఒక్కో రికార్డు ఎంత పొడవు అన్నది అక్కడే ఉంటుంది. తరవాత ఒక్కో కాలమ్‌కి 32 బైట్ల వివరం, చివర ఒక ముగింపు బైటు. ఏడు కాలమ్‌లుంటే మొత్తం 257. రికార్డు 120 బైట్లు, రికార్డులు 500 అయితే మరో 60,000. ఫైలు సైజు ఇంతకు తేలాలి. చివర ఒక గుర్తు బైటు ఉంటే ఒకటి ఎక్కువ రావచ్చు, అంతే.

తేలకపోతే? ఒక పాత ఫైలులో అట్ట మీది సంఖ్య కంటే లోపల రికార్డులు ఎక్కువగా ఉన్నాయి. నమోదు మధ్యలో కరెంటు పోతే ఇలా జరగొచ్చు. అట్టను నమ్మిన ప్రోగ్రాము చివరి రికార్డులను వదిలేసి, "పూర్తయింది" అని చెప్పింది. వాటిలోనే ఒకావిడ భర్త పేర ఎఫ్‌డీ ఉంది. ఆవిడ చేతిలో రసీదు లేకపోతే మేం వెనక్కి వెళ్లి వెతికేవాళ్లం కాదు.

ఇంకో చిక్కు, ప్రతి రికార్డు మొదటి బైటు. ఖాళీ ఉంటే బతికున్న రికార్డు, నక్షత్రం ఉంటే తీసేసిన రికార్డు. తీసేసినా, ఫైలును ప్యాక్ చేసేదాకా లోపలే ఉంటుంది. ప్రోగ్రాము ఆ బైటును చూడకపోతే ముగిసిన ఖాతా లేచి కూర్చుని రెండోసారి డబ్బు అడుగుతుంది. పూర్తిగా పారేస్తే ఆ ఖాతా ఎటు మారిందో చెప్పే ఆధారం పోతుంది. అందుకే నక్షత్రం ఉన్నవాటిని విడిగా ఉంచుతాం.

పేర్ల సంగతి మరీ తమాషా. ఇస్కీ పద్ధతిలో తెలుగు 'క'కీ, హిందీ 'క'కీ ఒకే సంఖ్య, 179. లిపి ఏదో ఫైలులో రాసి లేకపోతే మన ఊరి పేరు దేవనాగరిలో కనిపిస్తుంది. ఢిల్లీలో ఎవరికీ అనుమానం కూడా రాదు!

ఇప్పుడు మేం పెట్టుకున్న పద్ధతి ఒక్కటే. అర్థం కాని రికార్డును ప్రోగ్రాము సొంతంగా సరిదిద్దకూడదు, ఆగి పక్కన పెట్టాలి. అసలు ఫైలును ముట్టుకోం, నకలు మీదే పని. తీసిన మొత్తాన్ని కాగితం మీది బ్యాలెన్స్‌తో కలిపి చూస్తాం. పక్కన పెట్టిన జాబితా మీద ఇద్దరు అధికారులు సంతకం చేస్తారు. ఆలస్యమవుతోందని కుర్రాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

మీ ఇళ్లలో పాత ట్రంకు పెట్టెల్లో రసీదులుంటే, చిరిగినవైనా సరే, తీసుకురండి. నంబరు కనిపిస్తే చాలు, వెతికే పని మాది.