పట్టకపు గాజు: పగటి వెలుగు చరిత్రలో ఒక అధ్యాయం

ఏ ఆచార్యుని పేరిట ఈ స్మారకోపన్యాసం ఏర్పాటైందో ఆయన, గదిలోని వెలుతురును కిటికీ వైశాల్యాన్ని బట్టి కాక, లోపల పనిచేసుకునే మనిషికి ఆ కిటికీలోంచి కనిపించే ఆకాశపు మేరను బట్టి లెక్కించాలని జీవితాంతం బోధించినవారు. మండువా లోగిళ్లు, మంగుళూరు పెంకుల నడుమ అమర్చే గాజు పెంకులు, రోమ్ పాంథియాన్ గుమ్మటం నడినెత్తిన ఉన్న రంధ్రం, ఇంగ్లండులో 1696 నుంచి 1851 వరకు సాగిన కిటికీల పన్ను ఈ సభకు కొత్తవి కావు; ఆ పన్నును గురించి ఇప్పటికే కావలసినదానికి మించి రాశారు. ఆచార్యుని బోధనకు గట్టి నిదర్శనం 19వ శతాబ్ది చివర షికాగో అంగళ్లలో దొరుకుతుంది.

ఆ అంగళ్లు వీధివైపు ఇరుకుగా, లోపలికి బాగా పొడవుగా ఉండేవి. ఇరుపక్కలా పొరుగు గోడలు, ఎదుట అంతస్తుల భవనం ఉండడంతో, పైనుంచి దిగిన కాస్త వెలుగూ గుమ్మం దగ్గరి నేల మీదనే పడేది, వెనక భాగంలో బట్ట రంగు చూపించాలంటే పట్టపగలు దీపం వెలిగించవలసి వచ్చేది. జేమ్స్ పెన్నీకుయిక్ 1885లో అమెరికాలో పొందిన పేటెంటు దీనికి దారి చూపింది. గాజు బిళ్ల బయటి ముఖాన్ని నునుపుగా ఉంచి, లోపలి ముఖం మీద పట్టకాలను, అంటే ముక్కోణపు గట్లను, అడ్డంగా వరుసగా తీర్చితే, ఏటవాలుగా దిగిన కిరణం గాజులో వంగి, గట్టు వాలుకు తగిలి మళ్లి, ఇంచుమించు నేలకు సమాంతరంగా గది లోతుకు సాగిపోతుంది. కిరణం ఆ వాలును దాటి పోకుండా పూర్తిగా గాజులోకే తిరగడాన్ని సంపూర్ణాంతర పరావర్తనం అంటారు.

1897లో షికాగోలో వెలసిన లక్స్‌ఫర్ సంస్థ నాలుగు అంగుళాల చదరపు బిళ్లల నడుమ సన్నని రాగి పట్టీలు పెట్టి, ఆ చట్రాన్ని మొత్తంగా మైలుతుత్తం ద్రావణంలో ముంచి విద్యుత్తు పంపేది. పట్టీల అంచుల మీద రాగి పేరుకొని బిళ్లలన్నీ ఒకే పలకగా బిగుసుకునేవి. ఏ గట్టుకు ఎంత కోణం ఉండాలన్నది ఎదుటి భవనం ఎత్తును, గది లోతును బట్టి మారేది కనుక, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రాచార్యుడు హెన్రీ క్రూ, ఓలిన్ బాస్క్విన్ కలిసి 1898లో పట్టికలతో ఒక చేతిపుస్తకం వెలువరించారు. ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఈ సంస్థకు గీసి ఇచ్చిన నమూనాల మీద కళాచరిత్రకారులకు మక్కువ ఎక్కువే గాని, ఆ పూలూ గీతలూ బయటి ముఖానికి అలంకారాలు, వెలుగును మళ్లించినవి లోపలి గట్లే. రంగు విరగడానికి మాంగనీసు కలిపిన పాత బిళ్లలు ఎండకు ఏళ్ల తరబడి ఉండి లేత ఊదారంగుకు తిరిగాయి.

విద్యుద్దీపం వచ్చి ఈ గాజును మూలపడేసిందని సాంకేతిక చరిత్రకారులలో ఒక వర్గం పాఠ్యపుస్తకాల దాకా ఎక్కించిన మాట తేదీల ముందు నిలవదు. ఎడిసన్ దీపం 1879 నాటిది, న్యూయార్క్ పెర్ల్ వీధి విద్యుత్కేంద్రం 1882లో పని మొదలుపెట్టింది, లక్స్‌ఫర్ ఆ తరువాత పదిహేనేళ్లకు పుట్టింది. దీపం రాకే శత్రువైతే గాజు అసలు పుట్టకూడదు. పైగా ఆ పలకకు ప్రాణం పోసిందే విద్యుత్తు అన్న సంగతి వారికి గుర్తు రాదు. బొగ్గు తంతువు దీపం వాట్‌కు సుమారు మూడు ల్యూమెన్లు మాత్రమే ఇచ్చేది. ల్యూమెన్ అంటే దీపం వెదజల్లే కాంతికి కొలమానం. అంత ఖరీదైన వెలుగే గాజుకు గిరాకీ తెచ్చింది. దీపం చవకయ్యాకనే గాజు పోయింది కదా అని ఆ వర్గం ఎదురు ప్రశ్న వేస్తుంది. 1910 తరువాత మెరుగైన టంగ్‌స్టన్ తీగ దీపాలు వ్యాపించినా గాజు రెండు దశాబ్దాలకు పైగా బతికిందని దానికి సమాధానం. గట్లలో పేరుకొన్న దుమ్ము, గుమ్మాల పైభాగాన్ని కప్పేసిన సైన్‌బోర్డులు, లోపల కిందికి దించిన కప్పులు చేసిన చేటు ఈ వాదంలో లెక్కకే రాలేదు. చవక దీపం ఆ నిర్లక్ష్యానికి వీలు కల్పించిందనడం వేరు, అదొక్కటే కారణమనడం వేరు.

కాలం మించిపోతున్నందున తరువాతి దశలు క్లుప్తంగానే చెప్పవలసి ఉన్నది. 1938లో ఫ్లోరసెంట్ దీపాలు విపణిలోకి వచ్చాయి. 1955లో అంతర్జాతీయ కాంతి సంఘం మబ్బుపట్టిన ఆకాశాన్ని, అంటే దిగంతం కంటె నడినెత్తిన మూడింతలు ప్రకాశించేదాన్ని, ప్రమాణంగా స్వీకరించింది; అది యూరప్‌కు సరిపోయేదే గాని మన ఆకాశానికి కాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 2440, సూర్యుడు దిగంతానికి 15 డిగ్రీల ఎత్తున ఉన్న నిర్మలాకాశాన్ని తీసుకొని, ఆరుబయట 8000 లక్స్ వెలుగును ఆధారం చేసుకొన్నది. ఆరుబయటి వెలుగులో లోపలికి చేరే శాతమే పగటి వెలుగు గుణకం కనుక, ఒక శాతమంటే 80 లక్స్. అద్దపు పూత గల వెలుగు గొట్టాలు, కర్మాగారాల కప్పులకు వేసే పాలీకార్బొనేట్ రేకులు అందరికీ తెలిసినవే. ఇప్పుడు కిటికీ పైభాగానికి అతికించే సూక్ష్మపట్టకాల పొరలలో ఉన్నవీ పెన్నీకుయిక్ గట్లవంటివే. కాకపోతే ఇవి వెలుగును గది లోతుకు నేరుగా కాక పైకప్పు మీదికి పంపుతాయి, అందువల్ల ఆ కప్పుకు ఏ రంగు వేస్తారన్నదీ లెక్కలోకి వస్తుంది.