క్రొత్త ల్యాప్‌టాపు – పాత హార్డుడిస్కు



నేటి ప్రసంగ విషయమును వినగానే మీలో కొందరు నవ్వుకొనవచ్చును. వ్యాకరణమును తర్కమును చెప్పుకొని బ్రతికిన పంతులుగారికి యంత్రముల గొడవ యేల యని యడుగవచ్చును. యంత్రమును నిర్మించుట యొక విద్య. యంత్రము మొరాయించినప్పుడు దోషమెచ్చట నున్నదో కనుగొనుట వేరొక విద్య. ఈ రెండవ విద్య మన పూర్వులకు క్రొత్తది కాదు. దానికి వారు అన్వయ వ్యతిరేకములని పేరు పెట్టిరి. ఒకటి యున్నచోట రెండవది యుండుట అన్వయము. అది లేనిచోట ఇదియు లేకుండుట వ్యతిరేకము. ఈ రెంటిచేతను కారణమును నిశ్చయింపవచ్చును. నేడు నేను చెప్పబోవునదంతయు ఈ సూత్రమునకు వ్యాఖ్యానమే.

మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమును గూర్చి మీకు చెప్పవలసిన పని లేదు. రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వారి కర్మాగారము గలదు. పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ వెలసినది. ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము, కందిలో 2008లో స్థాపింపబడిన ఐ.ఐ.టి. గలవు. మందుల కంపెనీలకు లెక్క లేదు. ఒకప్పుడు నాగలి పట్టిన యింటి పిల్లలు నేడు షిఫ్టులలో పని చేయుచున్నారు. వారి జీతములనుండి వాయిదాలు కట్టి, చెల్లెలి చదువునకో తమ్ముని పరీక్షలకో ల్యాప్‌టాపు కొని యింటికి తెచ్చుచున్నారు. అది వచ్చిన మొదటి దినముననే పాత హార్డుడిస్కు దానికి తగిలింపబడును. అది తెరుచుకొనకున్నచో ఇంటిల్లిపాదికిని కంగారు పుట్టును. అట్టి వేళ ఇంటి పెద్ద యేమి చేయవలెనన్నదే నేటి ప్రశ్న.

ముందుగా హార్డుడిస్కు స్వరూపమును తెలిసికొందము. 1956లో అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీవారు మొదటి డిస్కు యంత్రమును విక్రయమునకు పెట్టిరి. దానిలో రెండడుగుల వ్యాసము గల పళ్ళెములు 50 ఉండెడివి; అన్నియు గలిసి సుమారు 50 లక్షల అక్షరములను మోసెడివి. నేడు అరచేతిలో నిముడు ఒక టెరాబైటు డిస్కు దానికి రెండు లక్షల రెట్లు మోయుచున్నది. దాని లోపల అద్దమువంటి పళ్ళెము సాధారణముగా నిమిషమునకు 5400 మారులు తిరుగును. విద్యుత్తు నుత్పత్తి చేయు పెద్ద టర్బైనులు మన దేశమున సాధారణముగా నిమిషమునకు 3000 మారులు తిరుగునని కర్మాగారములలో పని చేసినవారికి తెలియును. ఆ టర్బైనుకన్న వేగముగా తిరుగు పళ్ళెముపై, వెంట్రుక మందములో వేయవ వంతుకన్నను తక్కువ యెత్తున, చదువు సూది తేలుచుండును. కావున తిరుగుచున్న డిస్కును కదలించుట, బల్లపై ధడాలున పెట్టుట ప్రమాదము. పళ్ళెములు లేని ఎస్.ఎస్.డి. యను రకము దెబ్బలకు కొంత ఓర్చును. కాని అదియు చిరంజీవి కాదు.

ఇక పరీక్షాక్రమము. డిస్కు తెరుచుకొనలేదనుకొనుడు. దోషము నాలుగు చోట్ల నుండవచ్చును: డిస్కునందు, కేబులునందు, ల్యాప్‌టాపు పోర్టునందు, ల్యాప్‌టాపు లోపలి వ్యవస్థయందు. నాలుగింటిని ఒక్కసారిగా మార్చినచో, బాగైనను ఏది కారణమో తెలియదు. ఒక్కొక్కదానినే మార్చుడు, తక్కినవానిని కదల్పకుడు.

మొదట చూడుడు, వినుడు. డిస్కు దీపము వెలుగుచున్నదా? చేతితో మెల్లగా తాకినచో తిరుగుచున్న అదురు తెలియుచున్నదా? రెండును లేనిచో దానికి తగిన విద్యుత్తు అందుటలేదని అనుమానింపవలెను. పాతరకపు యు.ఎస్.బి. పోర్టు 5 వోల్టులతో అర యాంపియరు మాత్రమే యిచ్చును. 2008 తరువాతి మూడవ రకము 0.9 యాంపియరు ఇచ్చును. డిస్కు తిరుగ నారంభించునప్పుడు ఎక్కువ కోరును. ఒకే పోర్టునుండి నాలుగు పోర్టులను చీల్చు హబ్బును మధ్య పెట్టినచో, ఒకే బోరుబావినుండి నాలుగు మడులకు ఒక్కమారు నీరు పెట్టినట్లగును. కావున హబ్బును తీసివేసి, డిస్కును నేరుగా ల్యాప్‌టాపునకు తగిలింపుడు. పిదప మరియొక పోర్టున తగిలింపుడు.

రెండవది కేబులు. చూచుటకు ఒక్కరీతిగా నున్న కేబులులలో కొన్ని చార్జింగునకు మాత్రమే పనికివచ్చును. వానిలో సమాచారమును మోయు తీగలే యుండవు. ఫోను పెట్టెలో వచ్చిన తీగ సరిపోయినది గదా యని హార్డుడిస్కునకు తగిలించి, డిస్కు చచ్చినదని యేడ్చినవారు గలరు. పొట్టిదియు, పనిచేయునని తెలిసినదియునగు మరియొక కేబులుతో పరీక్షింపుడు.

మూడవది వేరొక కంప్యూటరు. పాత యంత్రమున తెరుచుకొని క్రొత్తదానియందు తెరుచుకొననిచో డిస్కు నిర్దోషి. దోషమును క్రొత్త యంత్రమునందే వెదకవలెను. మంచి కేబులుతో రెండింటియందును తెరుచుకొననిచో డిస్కే దోషి. ఇదియే అన్వయ వ్యతిరేకముల ఫలము. దీనికి ఖర్చు లేదు. ఓపిక మాత్రమే కావలెను.

డిస్కు నిర్దోషియైనను క్రొత్త యంత్రము చూపకపోవుటకు కారణములు గలవు. విండోసులో డిస్కు మేనేజిమెంటు అను పట్టిక గలదు. అందు డిస్కు కనబడుచు, దానికి అక్షరము లేకున్నచో, అక్షరము నిచ్చిన చాలును. ఆపిల్ యంత్రములయందో, సి.సి. కెమెరాల పెట్టెయందో వాడిన డిస్కు వేరు లిపిలో వ్రాసిన పుస్తకమువంటిది. విండోసు దానిని చదువలేదు. చదువలేనంత మాత్రమున అందు వ్రాత లేదనుట న్యాయము కాదు. తెలుగు రానివాడు మన భారతమును తెరచి, ఇది వట్టి గీతల పుస్తకమనినచో మన మొప్పుకొందుమా?

ఇచ్చటనే పెద్ద ప్రమాదము పొంచి యున్నది. చదువలేనప్పుడు ఆ యంత్రము, "ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాటు చేయవలెను, చేయుదునా?" యని యడుగును. ఆ ప్రశ్న మర్యాదగానే యుండును. దాని కర్థము మాత్రము పలకను తుడిచివేయుదునా యని. మా గ్రామమున ఒక యింట జరిగిన సంగతి వినుడు. ఆ యింటి యజమాని మూడేండ్ల క్రిందట గతించెను. ఆయన కంఠము, కూతురి పెండ్లినాడు ఆయన మాటలాడిన దృశ్యము, పాత పహాణీ నకళ్ళు, తల్లి ఆస్పత్రి కాగితములు – అన్నియు ఒక్క హార్డుడిస్కులోనే యున్నవి. వేరొక ప్రతి లేదు. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన కుమారుడు క్రొత్త ల్యాప్‌టాపునకు దానిని తగిలించెను. తెరపై ఆ ప్రశ్న వచ్చెను. నిద్రమత్తులో అతని వ్రేలు మీటపైకి పోవుచుండగా, ప్రక్కనున్న తాత, "నాయనా, అది యేమి యడుగుచున్నదో నాకు తెలుగులో చెప్పి, తరువాత నొక్కుము" అనెను. కుమారుడు చెప్పబోయి ఆగిపోయెను. తాతకు యంత్రము తెలియదు. అడుగవలసిన ప్రశ్న తెలియును. ఉదయము హబ్బును తీసి, వేరు కేబులుతో నేరుగా తగిలింపగా, ఒక్క ఫైలు చెడకుండ అన్నియు తెరుచుకొన్నవి. తండ్రి కంఠము మరల యింట వినబడెను.

పెద్దలారా, ఫార్మాటు, ఇనీషియలైజు, రిపేరు అను మాటలు తెరపై వచ్చినప్పుడు, అందలి సమాచారమునకు వేరొక ప్రతి యున్నదని తెలిసిననే గాని ఒప్పుకొనకుడు. రద్దు చేసి, డిస్కును తీసి పెట్టుటవలన నష్టమేమియు లేదు.

ఇంకొక లక్షణము. డిస్కు టిక్కు టిక్కుమని లయగా కొట్టుకొనుచున్నచో, చదువు సూది తన స్థానమును గుర్తింపలేక మాటిమాటికి వెనుకకు పోవుచున్నదని తలపవలెను. వెంటనే ఆపుడు. మరల మరల తగిలించి చూచుట, తట్టుట, మంచుపెట్టెలో పెట్టుట పనికిరావు; ప్రతిమారును పళ్ళెముపై గీతలు పడవచ్చును. దాని మూతను ఇంటిలో తెరువరాదు. మందుల కర్మాగారములలో ధూళి లేని గదులను చూచినవారు మీ పిల్లలలో గలరు. అట్టి గదిలోనే దానిని తెరువవలెను. ఆ పని చేయువారు పుచ్చుకొను రుసుము తరచుగా డిస్కు వెలకన్న మిక్కిలి యెక్కువ. వారంటీ డిస్కునకే గాని అందలి సమాచారమునకు కాదు.

ఇక క్రొత్త ల్యాప్‌టాపు స్వంత దోషములు. కొన్న దినముననే ప్రతి పోర్టును, కెమెరాను, స్పీకరును, కీబోర్డులోని ప్రతి మీటను పరీక్షింపుడు. మార్చి యిచ్చు గడువు సాధారణముగా కొలది దినములే. బిల్లును, పెట్టెను, వరుస సంఖ్యను భద్రపరచుడు. యంత్రము బొత్తిగా మేలుకొననిచో, బయట తగిలించినవన్నియు తీసి, చార్జరును తప్పించి, పవరు మీటను అర నిమిషము నొక్కి పట్టి, పిదప చార్జరుతో ప్రయత్నింపుడు. పెక్కుమారులు ఇంతమాత్రముననే లేచును. లోహపు మూతను తాకినప్పుడు చేతికి జిల్లుమనినచో ఇంటి సాకెట్టులో ఎర్తు లేదని సందేహింపుడు. అది యంత్రదోషము కాదు, ఇంటిదోషము, ఎలక్ట్రీషియనును పిలిపింపుడు.

ఒక టెరాబైటని కొన్న డిస్కు 931 మాత్రమే చూపినచో మోసపోతిమని భయపడకుడు. తయారుచేయువారు వేయింటి లెక్కను, విండోసు 1024 లెక్కను వాడుచున్నారు. పాత సేరుతోను క్రొత్త కిలోతోను ఒకే బియ్యమును కొలిచినట్టిది. కాని కొలది వందల రూపాయలకు రెండు టెరాబైటుల పెన్ డ్రైవని యమ్ముదురే, అది మాత్రము నిజమైన మోసము. అందు కొంత నిండగానే తరువాత వ్రాసినది నిలువదు. పైకి పేర్లు మాత్రము కనబడును.

నేటి క్రొత్త యంత్రములలో పెక్కింటియందు సమాచారము తాళము వేయబడి యుండును. మదర్‌బోర్డు మార్చినచో 48 అంకెల తాళపుచెవి అడుగును. అది సాధారణముగా యజమాని మైక్రోసాఫ్టు ఖాతాలో నుండును. దానిని నేడే కాగితముపై వ్రాసి, పట్టాదారు పాసుపుస్తకముతోబాటు పెట్టెలో నుంచుడు. ఆ చెవి పోయినచో కంపెనీవారును తెరువలేరు.

దోషము యంత్రమునదే యైనను అమ్మినవారు పట్టించుకొననిచో, 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు చెప్పుకొనవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము రెండేండ్ల లోపల జిల్లా కమిషనునకు ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షలకు మించనిచో రుసుము లేదు.

చివరిమాట. మన ప్రాచీన గ్రంథములు నేటికి నిలిచినవన్నచో అది తాటియాకు బలముచేత గాదు. ఆకును చెదలు తినును, తేమ తినును. తిరిగి తిరిగి ప్రతులు వ్రాసిన లేఖకుల ఓపికచేత అవి నిలిచినవి. గత శతాబ్దమునకు ముందటి శతాబ్దమున బ్రౌనుదొర ఊరూరనుండి ప్రతులు తెప్పించి, పండితులచేత పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఒక్క యింటనే ఒక్క ప్రతియై యున్న గ్రంథము ఆ యింటితోనే కాలిపోయినది. హార్డుడిస్కును గూర్చిన ధర్మమును ఇదియే. సమాచారమునకు మూడు ప్రతులు ఉండవలెను. అవి రెండు విధములైన సాధనములయం దుండవలెను. ఒకటి వేరొక యింట నుండవలెను. మీ యింట ఒక్క ప్రతిగా నున్నదేదియో నేటి రాత్రి పిల్లల నడుగుడు. వారు చెప్పలేకున్నచో, ఈ ఆదివారము ప్రక్కన కూర్చుండి రెండవ ప్రతి తీయింపుడు. మీటలు నొక్కుట వారి పని. అడుగుట మన పని.