కరెంటు వైద్యము – ఊపిరితిత్తులకు మందుల కాపుదల



ఈ వార్షిక సభలో ఆరోగ్య విషయమై నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శిగారు కోరారు. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళమే గాని వైద్యులము కాము. చదివి తెలుసుకున్నది పదిమందికీ అర్థమయ్యేట్టు చెప్పడం మా వృత్తి. అంతవరకే ఈ ప్రసంగం.

ఖమ్మం మొదలు భద్రాచలం అడవి అంచు దాకా మన ఊళ్ళలో రేడియోథెరపీ అంటే చాలామందికి తెలియదు. "కరెంటు పెట్టడం" అంటే మాత్రం తెలుస్తుంది. నిజానికది కరెంటు కాదు, కంటికి కనబడని కిరణాలు. రొమ్ము, ఊపిరితిత్తి, అన్నవాహిక క్యాన్సర్లకు వీటిని ఛాతీ మీద పెడతారు. గడ్డను చంపే కిరణమే దారిలో ఉన్న మంచి ఊపిరితిత్తిని కూడా కొంత తాకుతుంది. మన కణాల్లో ఎక్కువ భాగం నీరే గదా! కిరణాలు ఆ నీటిని చీల్చి పుట్టించే చురుకైన ముక్కలు కణాన్ని గాయపరుస్తాయి.

చిక్కు ఏమిటంటే, ఈ దెబ్బ వెంటనే తెలియదు. వైద్యం ముగిసి ఇంటికొచ్చిన తర్వాత, సాధారణంగా నెల నుంచి ఆరు నెలల లోపల, కొందరికి పొడిదగ్గు, ఆయాసం, కొద్దిపాటి జ్వరం మొదలవుతాయి. అశ్రద్ధ చేస్తే ఊపిరితిత్తి గట్టిపడి మచ్చ కట్టవచ్చు. ఆ మచ్చ మళ్ళీ మెత్తబడదు.

మరి ముందే వేసుకునే కాపుదల మందు లేదా అని అడుగుతారు. వెతికినవారు లేకపోలేదు. అణుయుద్ధం వస్తే సిపాయిలను కాపాడాలని అమెరికా సైనిక పరిశోధకులు అమిఫోస్టిన్ అనే మందును తయారుచేశారు. కిరణాలు పెట్టే ముందు దాన్ని నరంలోకి ఎక్కిస్తారు. అది ఆ చురుకైన ముక్కలను పట్టేస్తుంది. తల, మెడ భాగాలకు కిరణాలు పెట్టినప్పుడు నోరు ఎండిపోకుండా వాడేందుకు 1999లో ఆ దేశంలో అనుమతి దొరికింది. ఊపిరితిత్తుల విషయంలో కొన్ని చిన్న పరీక్షలు ఆశ చూపాయి గాని, పెద్ద పరీక్షలో ఆ మేలు నిలబడలేదు. పైగా వాంతులు, రక్తపోటు పడిపోవడం ఉన్నాయి. కాప్టోప్రిల్ అనే బీపీ మాత్ర ఎలుకల ఊపిరితిత్తులను కాపాడింది. మనుషుల మీద మొదలైన పరీక్ష, చాలినంతమంది రోగులు చేరక మధ్యలోనే ఆగింది. మన దేశంలో మణిపాల్‌లో తులసి ఆకు సారం ఎలుకలను కిరణాల నుంచి కొంత కాపాడిందని చూపారు. అంతమాత్రాన అడవి పసరు తాగి కరెంటు వైద్యం మానుకుంటే గడ్డ ఊరుకుంటుందా?

ఇప్పటికైతే అసలు కాపుదల లెక్కలో ఉంది. కిరణాల మోతను గ్రే అనే కొలతతో కొలుస్తారు. 20 గ్రేలు, అంతకు మించి తగిలే భాగం మొత్తం ఊపిరితిత్తుల్లో సుమారు నూటికి 30–35 వంతులు దాటకుండా డాక్టర్లు ముందే స్కాను తీసి గీతలు గీస్తారు. అందుకే ఒంటి మీద పెట్టిన గుర్తులు చెరుపుకోకూడదు. బీడీ, సిగరెట్టు మానెయ్యాలి.

దుమ్ముగూడెం వైపు నుంచి ఒక ఆపా హైదరాబాదులో వైద్యం చేయించుకుని వచ్చిందనుకుందాం. 1955లో ఏర్పడి మెహదీ నవాజ్ జంగ్ గారి పేరు మోస్తున్న సర్కారు క్యాన్సరు ఆసుపత్రి అక్కడే ఉన్నది. మూడో నెలలో దగ్గు పట్టింది. ఊళ్ళో జలుబు మందిస్తారు, లేదా టీబీ అంటారు. "ఫలానా నెలలో ఛాతీకి కరెంటు పెట్టారు" అని చెప్పి కాగితాలు చూపిస్తే తెమడ పరీక్ష, ఎక్సురే, స్కానులతో నిజం తేలుతుంది. కిరణాల వాపే అయితే ప్రెడ్నిసలోన్ మాత్రలిచ్చి, వారాల తరబడి మెల్లగా తగ్గిస్తారు. తగ్గింది గదా అని ఒక్కసారిగా మానితే దగ్గు తిరగబెట్టవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. టీబీ ఉన్నవారు తెలియక వేసుకుంటే మరో ముప్పు. చక్కెర జబ్బు ఉంటే చక్కెర పెరుగుతుంది. కనుక సొంత వైద్యం వద్దు. రంజాన్ నెలలో ఈ మాత్రలు మీదుంటే డాక్టరును అడగకుండా రోజా పట్టవద్దు. రోగికి దీన్‌లో సడలింపు ఉందని మన పెద్దలకు చెప్పనక్కరలేదు.

సంఘానికి ఒక్క మనవి. కరెంటు వైద్యం ముగించుకుని వచ్చినవారి పేరు, ముగిసిన తేదీ ఒక రిజిస్టరులో రాయండి. ఆరు నెలలపాటు నెలకోసారి ఫోను చేసి "దగ్గుందా? ఆయాసముందా?" అని అడగండి. ఉందంటే, బైతుల్‌మాల్ నుంచి బస్సు చార్జీలిచ్చి తోడు మనిషితో ఆసుపత్రికి పంపండి. నమ్మదగిన కాపుదల మందు కనిపెట్టే పని శాస్త్రవేత్తలది. అంతవరకు ఆ ఒక్క ప్రశ్న అడగడం మన పని.

ఖుదా హాఫిజ్.